చీటీ మార్చకూడదు

మన బడి సోషల్ గదిలో బీరువా పైన ఒక హార్లిక్సు సీసా ఉండేది. డెబ్భైల చివర్లో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అందులో హార్లిక్సు ఉండగా మేమెవరం చూడలేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం చీట్లు ఉండేవి. ఒక్కో చీటీ మీద ఒక్కో అంకె.

ఆ అంకెల సంగతి గోడ మీద ఉండేది. బందరు, దివి తాలూకాల పటం ఒకటి సంపాదించి, సోషల్ మాష్టారు దాని మీద రెండు మైళ్లకొక గీత చొప్పున నిలువుగా, అడ్డంగా పెన్సిలుతో గీశారు. సముద్రంలో పడ్డ గడులు కొట్టేయగా 120 గడులు మిగిలాయి. నెలకో ఆదివారం. ముందురోజు మధ్యాహ్నం ఒకడు కళ్లు మూసుకుని చీటీ తీయాలి. ఏ గడి వస్తే ఆ గడికి పోవాలి. సైకిళ్ల మీద పోతామో, బస్సెక్కుతామో, నడుస్తామో మా ఇష్టం. అక్కడ కనబడ్డవాళ్లనల్లా అడిగి, చూసింది, విన్నది సోమవారానికి నోటుపుస్తకంలో రాయాలి. నియమాలు రెండే. ‘ఏమీ లేదు’ అని రాయకూడదు. చీటీ మార్చకూడదు.

మొదట్లో మాకు అది పెద్ద నిరాశ. చరిత్ర అంటే కోట, డచ్చివాళ్ల సమాధులు, ఘంటసాల స్తూపం అనుకునేవాళ్లం. వరసగా నాలుగు నెలలు చీటీ తీస్తే నాలుగుసార్లూ పొలాలే. ఒకసారి మురుగుకాలువ గట్టు. మా క్లాసులో ఒకడు, తర్వాత పెద్ద ప్లీడరు అయ్యాడు, అప్పుడే వాదించాడు: “ఇది అన్యాయం మాష్టారూ, కోట ఎప్పుడు వస్తుంది?” మాష్టారు పటం దగ్గరికి తీసుకెళ్లి లెక్కపెట్టమన్నారు. బందరు పట్నం, కోట, చిలకలపూడి అన్నీ కలిపి మూడు గడులు. “120లో మూడురా. మన పాఠంలో ఉన్నదంతా ఆ మూడింట్లోనే ఉంది. మిగతా 117లో మనుషులు లేరా?”

ఆ మూడు గడుల చరిత్ర మనకు కంఠతా వచ్చు. 1605లో డచ్చివాళ్లు వచ్చారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు దిగి కోఠీ పెట్టారు. గోలకొండ సుల్తానుల రేవు ఇదే గనక అద్దకం బట్ట ఇక్కడినుంచి పర్షియా దాకా పోయింది. 1750లో ఫ్రెంచివాళ్ల చేతిలోకి వెళ్లిన కోటను 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు, బురదనేల దాటి వచ్చి, రాత్రివేళ ముట్టడించి పట్టుకున్నాడు. 1843లో రాబర్ట్ నోబుల్ బడి పెట్టాడు. 1910లో జాతీయ కళాశాల, 1923లో పట్టాభి గారి ఆంధ్రా బ్యాంకు. ఇవన్నీ గొప్ప సంగతులే. నేనూ వాటికి గర్వపడతాను. కానీ వీటిలో ఒక్కటి కూడా గూడూరు అవతలి మురుగుకాలువ గట్టు మీద నిలబడితే కనబడదు.

మరి ఆ గట్టు మీద ఏం కనబడుతుంది? మేం మొహాలు వేలాడేసుకుని నిలబడితే మాష్టారు అడిగారు.

“ఏముందిరా ఇక్కడ?”

“కాలవండీ.”

“ఇది తవ్వకముందు ఏముంది?”

తెలియదు. పశువులు కాసుకుంటున్న ముసలాయన్ని అడగమన్నారు. వాళ్ల తాతగారు చెప్పేవారట, ఈ పొలాల్లో వరి ఎరగరని, వానపడితే జొన్న, వరిగ, లేకపోతే వలస అని. గుంటూరు వైపు డొక్కల కరువు అని చెప్పుకునేది 1832–33 నాటిది. బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య ఆనకట్ట కట్టింది 1852–55 మధ్య, కెప్టెన్ ఆర్ చేతుల మీదుగా. కాటన్ దొర పేరు మనకు తెలుసు, ఆర్ పేరు చాలామందికి తెలియదు. ఆ ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957కి సిద్ధమైంది. ఈ తేదీలు నేను పరీక్షకు చదవలేదు. మురుగుకాలువ గట్టు మీద ఎండలో నిలబడి విన్నాను కాబట్టి ఇప్పటికీ మరిచిపోలేదు. మన జిల్లాలో ఏ గడిలో చీటీ పడ్డా నూటికి తొంభైసార్లు ఏదో ఒక కాలువ ఎదురవుతుంది. అంటే ఈ నేల అసలు చరిత్ర తుపాకులది కాదు, నీళ్లది. పుస్తకం తెరిస్తే మాత్రం మొదట తుపాకులే కనబడతాయి.

తిరిగి వస్తూ గూడూరులో టీ తాగాం. రెండో శతాబ్దపు టాలెమీ మన తీరాన్ని మైసోలియా అన్నాడని, ఆయన రాసిన కొడ్డూర ఈ గూడూరేనని పండితుల అభిప్రాయమని మాష్టారు చెప్పింది ఆ టీకొట్టు బల్ల మీదే. టీకొట్టాయన మాత్రం, “అంత పాత ఊరైతే బస్సులు ఇక్కడ ఆగవేమండీ?” అన్నాడు.

చీట్ల పద్ధతి మాష్టారికి ఎలా తట్టిందో అప్పట్లో అడగలేదు. ఆలోచన మాత్రం ఆయనొక్కరిదే కాదని తర్వాత తెలిసింది. మా పెద్దన్నయ్య రెవెన్యూలో చేసేవాడు. పంటకోత ప్రయోగాలని ఉంటాయి. జిల్లాలో ఎకరానికి ఎంత పండిందో తేల్చాలి. అన్ని చేలూ కోసి తూచలేరు కదా. కాబట్టి ఏ ఊరు, ఆ ఊళ్లో ఏ సర్వే నంబరు అన్నది ఒక అంకెల పట్టిక చూసి తీస్తారు. ఆ అంకెల్లో వరస ఉండదు, ఎవరి ఇష్టమూ ఉండదు. చేలోకి దిగాక కూడా అంతే. నైరుతి మూల నిలబడి, పట్టికలో వచ్చినన్ని అడుగులు పొడవునా, అడ్డంగా నడిచి, అక్కడే మేకు పాతి, తాడు కట్టి, అంతవరకే కోసి తూచాలి. 1931లో కలకత్తాలో స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటు పెట్టిన మహలనోబిస్, 1937 తర్వాత బెంగాలు జనపనార పంటను ఇలా మచ్చుచేలు తీసే లెక్కగట్టించాడు. 1950లో మొదలైన జాతీయ శాంపుల్ సర్వేకూ మూలపురుషుడు ఆయనే.

అన్నయ్య ఒక మాట చెప్పేవాడు. “అంకె ప్రకారం పోతే మోకాళ్లలోతు బురదలో పోవాలి. గట్టు పక్కనే చేను బంగారంలా ఉంటుంది. అక్కడే తాడేసి ఇంటికి పోదాం అనిపిస్తుంది. అలా ఒక్కడు చేస్తే ఏం కాదు. పదిమంది చేస్తే జిల్లా లెక్కే అబద్ధం.”

గట్టు పక్క చేను చరిత్రలోనూ ఉంటుంది. కల్నల్ మెకంజీ సంగతే చూడండి. మన ఊళ్ల కైఫియతులు ఆయన పుణ్యమే. కావలి బొర్రయ్య, 1803లో ఆయన చిన్న వయసులోనే పోయాక తమ్ముడు లక్ష్మయ్య, ఊరూరా మనుషుల్ని పంపి కరణాల చేత రాయించారు. ఆ కట్టల్ని తర్వాత బాగుచేయించిన బ్రౌను దొర మన బందరులోనూ ఉద్యోగం చేశాడు. అంత విస్తారంగా మన పల్లెల సంగతి అంతకుముందు ఎవరూ సేకరించలేదు. అయినా కైఫియతు చదివితే గుడి, అగ్రహారం, జమీందారు వంశం బాగా కనబడతాయి; వల వేసేవాడు, ఉప్పు తీసేవాడు తక్కువ. రాసినవాడు ఎవరి అరుగు మీద కూర్చుని రాశాడో వాళ్లే ఎక్కువగా పడ్డారు. ఇది తప్పుపట్టడానికి అనడం లేదు. మేం చేసినదాంతో పోలిస్తే వాళ్లు దేవుళ్లు.

ఇక మేం చేసింది చెప్పాలి. నలభై ఎనిమిదేళ్లుగా మా ఏడుగురి మధ్యే ఉన్న విషయం ఇది. సావనీరులో రాయాలా వద్దా అని తర్జనభర్జన పడి, ఏడుగురమూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

1977 అక్టోబరు. మేం పదో తరగతి. ఆ నెల చీటీ నేనే తీశాను. 43. పటంలో చూస్తే దివిసీమ కొసన, పాలకాయతిప్ప వైపు, సముద్రపొడ్డు గడి. అందులో పల్లె పేరు ఒకటి చిన్న అక్షరాల్లో ఉంది. పొద్దున్నే బస్సెక్కి చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ మీదుగా అవనిగడ్డ, అక్కడినుంచి కోడూరు, ఆపైన నడక. మాష్టారికి జ్వరం. “మీరు పెద్దవాళ్లయ్యారుగా, వెళ్లిరండిరా,” అని ఛార్జీలకు డబ్బులిచ్చి పంపారు.

మేం బస్టాండు దాకా కూడా వెళ్లలేదు. సైకిళ్ల మీద మంగినపూడి పోయాం. ఈత కొట్టాం, మాష్టారి డబ్బులతో సాయంత్రం సినిమా చూశాం. రాత్రి మా ఇంట్లో కూర్చుని నోటుపుస్తకం నింపాం. సముద్రపొడ్డు పల్లె ఎలా ఉంటుందో మాకు తెలియదా? నా దస్తూరీతోనే రాశాను: “గడి 43. ఇసుక దిబ్బలు, తాటిచెట్లు. నాలుగు గుడిసెలు. జనం చేపలు పట్టి జీవిస్తారు. చారిత్రక విశేషాలు లేవు.” మాష్టారు చదివి, “చారిత్రక విశేషాలు లేవు అన్న వాక్యం కొట్టేయండి,” అని చెప్పి సంతకం పెట్టారు.

నవంబరు 19, శనివారం. తుఫాను సంగతి ఈ పుస్తకం చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. బందరులో మనకు గాలి, విరిగిన చెట్లు, ఎగిరిన రేకులు. దివిసీమ కొసన మాత్రం సముద్రమే లేచి ఊళ్ల మీదికి వచ్చింది. సర్కారు లెక్క ప్రకారమే చనిపోయినవాళ్లు పదివేలకు దగ్గర. అక్కడివాళ్లు ఆ లెక్కను ఇప్పటికీ ఒప్పుకోరు.

అప్పటికి మన పూర్వ విద్యార్థుల సంఘం వయసు రెండేళ్లు. సంఘంవాళ్లు బడిలోనే బట్టలు, బియ్యం, గిన్నెలు పోగుచేసి లారీకెత్తుతున్నారు. మేమూ మోస్తున్నాం. ఏ పల్లెకు ఎన్ని మూటలు అని లెక్క రాస్తుంటే మాష్టారు నోటుపుస్తకం పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. 43వ గడి పేజీ తెరిచి ఉంది.

“ఒరేయ్, మీరు చూసొచ్చారు కదా. నాలుగు గుడిసెలేనా? సరిగ్గా గుర్తుచేసుకోండి. అక్కడినుంచి వచ్చినవాళ్లు ఎవరూ దొరకడం లేదు, ఎన్ని ఇళ్లుండేవో తెలియడం లేదు.”

ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత ప్లీడరు అయినవాడే ముందు ఏడ్చాడు. మాష్టారికి అర్థమైంది. తిట్టలేదు, కొట్టలేదు. పుస్తకం మూసి చంకలో పెట్టుకుని లారీ దగ్గరికి వెళ్లిపోయారు. ఆ లారీలో ఆ పల్లె పేరు మీద మూటలు ఎన్ని వెళ్లాయో, నా వాక్యం వల్ల తగ్గాయో లేదో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు. ఆ సంవత్సరం ఇంక చీటీ తీయలేదు. వేసవిలో మేం బడి వదిలేశాం.

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన గురించి తర్వాత చాలా చదివాను. దాదాపు 30,000 మంది పోయారని రాస్తారు. చదివిన ప్రతిచోటా పట్నం గురించే ఎక్కువ ఉంటుంది. పట్నంలో దొరలున్నారు, కచేరీలున్నాయి, రాసేవాళ్లున్నారు. తీరం వెంట ఉన్న పల్లెల్లో ఆ ముందురోజు దాకా ఎన్ని ఇళ్లున్నాయో, ఎవరెవరున్నారో వెతికితే నాకేమీ దొరకలేదు. మునుపు నాకది కేవలం చరిత్రలో లోటు. ఇప్పుడు అలా అనుకోలేను. ఆ లోటు ఎలా ఏర్పడుతుందో నాకు తెలుసు. నేనూ ఒక పేజీ అలా రాశాను.

నిరుడు సావనీరుకు పాత ఫోటోలు వెతుకుతుంటే బడి బీరువాలో ఆ నోటుపుస్తకం దొరికింది. సీసా లేదు, ఎప్పుడో పగిలిందట. పటం చెదలు తిన్నది. మా బ్యాచ్‌లో ఇప్పుడు బందరులో ఉన్నవాళ్లం నలుగురం. డల్లాస్ నుంచి సెలవుకు వచ్చినవాడొకడు, ఇప్పుడు ఇలాంటివి ఫోనే చేసి పెడుతుందని, నొక్కితే ఎక్కడో ఒక చుక్క చూపిస్తుందని చెప్పాడు. పైగా 1996లో అలెక్స్ జారెట్ అనే అమెరికా ఆయన అక్షాంశ రేఖాంశాలు కలిసేచోట్లకు మనుషులు స్వయంగా వెళ్లి ఫోటోలు తీసే పని మొదలుపెట్టాడని, ప్రపంచమంతా వెళ్తున్నారని చెప్పాడు. పటం తెరిచి చూశాం. 16వ అక్షాంశం, 81వ రేఖాంశం కలిసే చోటు మన దివిసీమలోనే, అవనిగడ్డకూ కోడూరుకూ మధ్య ఉంది! అందరం లేచి నిలబడ్డాం. మాష్టారుంటే ఎంత మురిసిపోయేవారో.

అయినా ఫోను వద్దనుకున్నాం. స్టీలు డబ్బా కొని, కొత్త పటం మీద గీతలు గీసి, 120 చీట్లు మళ్లీ రాశాం. ఏడాదిలో తొమ్మిది గడులు చూశాం. వివరంగా రాస్తే సంపాదకులు ఊరుకోరు. ఒకటి పెడన దగ్గర పడింది. అచ్చుల పాకలో కాదు, మళ్లీ కాలువ గట్టు మీదే. కలంకారీ బట్టను పారే నీళ్లలో ఉతకాలి. కరక్కాయ, గేదెపాలు పట్టించిన బట్ట మీద పాతకాలంలో ఎరుపు తెచ్చింది చిరివేరు. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరుకు ఒకప్పుడు ఎక్కడలేని గిరాకీ. ఇప్పుడు ఆ వేరు తవ్వేవాళ్లెవరైనా ఉన్నారా అంటే అక్కడి పెద్దాయన నవ్వి ఊరుకున్నారు. ఇంకొకటి ఘంటసాల పొలాల్లో పడింది. టాలెమీ చెప్పిన కంటకోస్సూల అదేనంటారు; అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం గురించి 1894లో అచ్చువేశాడు. మా గడి మాత్రం స్తూపానికి దూరంగా మినపచేలో ఉంది. చేను కౌలుకు చేస్తున్నామె, తవ్వకాల వాళ్లు ఎప్పుడు వచ్చినా దిబ్బ దగ్గరే ఆగిపోతారని, తన చేలో కూడా పాత ఇటుక తేలుతుందని చెప్పి రెండు ముక్కలు చూపించింది. జానెడు వెడల్పు ఇటుక. అక్కడే వదిలేసి వచ్చాం. చెప్పాల్సినవాళ్లకు ఉత్తరం రాశాం.

43 కోసం చీటీ తీయలేదు. నియమం తప్పినట్టే. కానీ అది 1977లో తీసిన చీటీ కదా, ఇంకా చెల్లుతుంది అన్నాడు ప్లీడరు. ఈసారి న్యాయం వాడివైపే ఉంది.

జనవరిలో ఒక ఆదివారం ఐదుగురం వెళ్లాం. మిగతా ఇద్దరిలో ఒకడు లేడు, ఒకడికి మోకాళ్లు రావు. దారి పొడవునా రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు, అవతల మడ అడవి. ఊరు పాతచోట లేదు, లోపలికి జరిగింది. పల్లె పేరు రాయడం లేదు, వాళ్లు మాట్లాడింది పుస్తకంలో పడటానికి కాదు. తుఫాను షెల్టరు మెట్ల మీద కూర్చున్న ఇద్దరు పెద్దామ్మలు మమ్మల్ని ఎగాదిగా చూసి, “ఎవరి తాలూకు బాబూ?” అన్నారు. ఎవరి తాలూకూ కాదని చెప్పడానికి నోరు రాలేదు. బందరు బడిపిల్లలం, అప్పుడు రావాల్సింది, రాలేదు అన్నాను. నా తల చూసి బడిపిల్లలేంటని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి చెప్పడం మొదలుపెట్టారు.

మొత్తం చెప్పించుకున్నాం. పాత ఊరికి నడుచుకుంటూ తీసుకెళ్లారు. ఇప్పుడక్కడ గడ్డి, ఇసుక. ఒకామె కర్రతో గీస్తూ వెళ్లింది: ఇది బావి, ఇది గంగమ్మ గుడి, ఇది మా అత్త ఇల్లు, దీని పక్క వలలు ఆరేసే పందిరి. రెండో ఆమె మధ్యలో ఆపి, “కాదే, పందిరి ఇవతల,” అని దిద్దింది. ఒక్కో ఇంటికి పేర్లు, ఎంతమంది, ఎవరు మిగిలారు. ఇద్దరి లెక్కా ఒక ఇంటి దగ్గర కలవలేదు. బావికి ఉత్తరాన ఇల్లు ఉందని ఒకామె, లేదు, ఆ ఏడాది కొత్తగా పునాది మాత్రమే వేశారని ఇంకొకామె. చీకటిపడేదాకా తేలలేదు. రెండూ రాసుకున్నాం.

నాలుగు గుడిసెలు కావు. ఆ పేజీ కొట్టేయలేదు. కింద తేదీ వేసి, పక్క పేజీ నుంచి ఇళ్ల వరస గీశాం. పేర్లు రాశాం. పదకొండు పేజీలు వచ్చింది. దాని ప్రతి ఒకటి ఆ ఊరి బడిలో ఇచ్చాం. ఉత్తరపు ఇంటి సంగతి తెలిసిన మనిషి ఒకరు ఏటిమొగలో ఉంటారట. సంక్రాంతికి వస్తారని చెప్పారు.

నోటుపుస్తకం, స్టీలు డబ్బా సంఘం ఆఫీసు గదిలో ఉన్నాయి. డబ్బాలో ఇంకా 111 చీట్లున్నాయి. మంగినపూడి వైపు పోర్టు పనులు జరుగుతున్నాయి గనక ఆ పక్క గడులు తొందరగా చూడాలి. నెలలో రెండో ఆదివారం ఉదయం ఆరింటికి బడి గేటు దగ్గర కలుస్తాం. కారుంటే మంచిదే. ఎక్కడికి వెళ్తున్నామని మాత్రం ముందుగా ఫోన్ చేసి అడగకండి.